ఆయాసపడే పసికందుకు సీప్యాప్: ఉన్న ఊళ్ళోనే పెట్టాలా, బరంపురం పంపాలా?

పర్లాకిమిడి మేనమామ:
మా చెల్లికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. పుట్టిన గంటలోపే బాబు మూలుగుతూ డొక్కలెగరేశాడు. ఆసుపత్రిలో సీప్యాప్ మిషన్ (ముక్కు ద్వారా గాలిని కాస్త ఒత్తిడితో ఎడతెగకుండా పంపేది) ఉంది. అయినా "మా వల్ల కాదు" అని ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టి అంబులెన్స్ ఎక్కించారు. బరంపురం చేరేదాకా ఒకటే టెన్షన్. ఇప్పుడు బాబు బాగున్నాడు. మిషన్ ఉంచుకుని పంపేయడం సబబేనా?

గుణుపురం వాసి:
సబబే అన్నా. పెట్టడం కాదు, పెట్టాక రాత్రంతా చూడాలి కదా. మెల్‌బోర్న్ డాక్టర్లు నడిపిన 2008 నాటి అధ్యయనంలో, 25 నుంచి 28 వారాలకే పుట్టిన పిల్లలకి మొదటే సీప్యాప్ పెడితే నూటికి 9 మందికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది. మొదటే శ్వాసనాళంలోకి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టినవాళ్ళలో 3. అది మన ఊళ్ళో జరిగితే గాలి తీసేదెవరు?

వార్డు సిస్టర్:
బాబూ, అవి మరీ చిన్న పిల్లల లెక్కలు. పైగా అక్కడ 8 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో మొదలెట్టారు. మేం మామూలుగా 5తో మొదలెడతాం. బబుల్ సీప్యాప్‌లో పెద్ద మాయేం లేదు. బిడ్డ వదిలే గాలి గొట్టాన్ని సీసా నీళ్ళలో 5 సెంటీమీటర్లు ముంచితే అంత ఒత్తిడి నిలుస్తుంది, ఊపిరి వదిలినా ఊపిరితిత్తుల్లోని గాలి గదులు మూసుకుపోవు. అసలు పనంతా బుడగల మీద కన్నేసి ఉంచడమే. ఆగాయంటే ముక్కు గొట్టం జారిందనో, బిడ్డ నోరు తెరిచిందనో. గొట్టం ముక్కు మధ్య గోడకి ఒరుసుకుంటే పుండు పడుతుంది, టోపీ తాళ్ళు మళ్ళీ మళ్ళీ సర్దాలి. పొట్ట ఉబ్బకుండా నోట్లోంచి సన్న గొట్టం వేసి తెరిచి ఉంచాలి. ఆక్సిజన్‌లో మామూలు గాలి కలిపే బ్లెండర్ లేకపోతే మాత్రం నేనూ భయపడతాను. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 90–95 మధ్య ఉంచకుండా ఉత్త ఆక్సిజన్ తోస్తే నెలలు నిండని పిల్లల కళ్ళు పోయే ప్రమాదం ఉంది.

పిల్లల డాక్టర్:
ఆఫ్రికాలోని మలావీ దేశం నుంచి 2014లో వచ్చిన లెక్క చూడండి. ఆయాసపడే పసిపిల్లల్లో బబుల్ సీప్యాప్ పెట్టినవాళ్ళు నూటికి 71 మంది బతికారు, ఉత్త ఆక్సిజన్‌తో 44. మూడు గంటల దారిలో ఆ ఆక్సిజన్ ఒక్కటే ఇచ్చి పంపడమే నాకు మింగుడుపడదు. పెట్టి, కాస్త కుదుటపడ్డాక, అదే ఒత్తిడి మీద పంపండి.

గుణుపురం వాసి:
సార్, అది అక్కడి బ్లాంటైర్ నగరంలోని పెద్దాసుపత్రి. పైగా చీటీలేసి పిల్లల్ని రెండు జట్లుగా పంచలేదు. దాన్ని మన ఇరవై మంచాల ఆసుపత్రికి అతికిస్తే ఎలా?

పిల్లల డాక్టర్:
ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే ఎప్పుడు ఇక ఆగకుండా పంపాలో ముందే రాసి గోడకి అంటించాలంటున్నా. 6 సెంటీమీటర్ల ఒత్తిడి మీద కూడా బిడ్డకి నూటికి 40 పాళ్ళకి మించి ఆక్సిజన్ కావాల్సొచ్చినా, బిడ్డ ఊపిరి ఆపుతున్నా ఇంకొక్క గంట చూద్దాం అనకూడదు.

పర్లాకిమిడి మేనమామ:
శ్రీకాకుళం దగ్గర కదా అని అడిగితే, ఒడిశా వాళ్ళకి ఆరోగ్యశ్రీ వర్తించదన్నారు. సరిహద్దు బతుకు! సరే సిస్టర్ గారూ, మనిషి లేక మిషన్‌కి గుడ్డ కప్పేసిన చోట ఏం అడగాలి?

వార్డు సిస్టర్:
రాత్రి డ్యూటీలో ఎవరుంటారు, ఒక్కరికి ఎంతమంది పిల్లలు, బ్లెండర్ పనిచేస్తోందా. ఈ మూడూ అడగండి. నలుగురైదుగురు పిల్లలకి ఒక్క సిస్టరే అంటే నేనైనా గుణుపురం ఆయన పక్షమే.