అప్‌డేట్: ఎంబీఏ తరగతిలో వ్యాపార నీతి పాఠం

సూత్రాలు వల్లె వేయించకుండా వ్యాపార నీతిని ఎలా బోధించాలని ఇంతకుముందు అడిగాను. మన హైదరాబాద్ ఉదాహరణే తీసుకోమన్న సలహా పాటించాను. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ బోర్డుకు రాసిన లేఖను తరగతిలో చదివించాను. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవన్న చోట అందరూ ఆగిపోయారు.

తర్వాత రాజును పక్కనపెట్టి, దొంగ ఇన్‌వాయిస్ కంటబడిన చిరుద్యోగి ఏం చేయాలని అడిగాను. రాజీనామా చేస్తామని చాలామంది తేలిగ్గా అనేశారు. ఒక అమ్మాయి మాత్రం, "ఇల్లు నా జీతం మీదే నడుస్తుంటే? ముందు ఎవరికి చెప్పాలి? ఏ కాగితం భద్రపరచాలి?" అని అడిగింది. అరిస్టాటిల్ చెప్పిన వ్యవహార వివేకం, అంటే ఆయా సందర్భంలో ఏం చేయడం సరైనదో తేల్చుకునే నేర్పు, ఇక్కడే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. మిగతా సమయమంతా ఆ ప్రశ్నకే ఇచ్చాను. తర్వాతి తరగతిలో వాళ్లను ఆడిటర్ల స్థానంలో కూర్చోబెడతాను. సలహా ఇచ్చినవారికి కృతజ్ఞతలు.