నీస్ నుంచి చింక్వే తెర్రే దాకా అమ్మానాన్నలతో ప్రయాణం: కారా, రైలా?

సూర్యలంక:
మే నెలలో మా అమ్మానాన్నలు బాపట్ల నుంచి స్టుట్‌గార్ట్‌లోని మా ఇంటికి వస్తున్నారు. నాన్నగారికి 69 ఏళ్లు, అమ్మకు 64. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి, ఇద్దరూ శాకాహారులు. వారిని విమానంలో ఫ్రాన్స్‌లోని నీస్ తీసుకెళ్లి, అక్కడి నుంచి మధ్యధరా తీరం వెంట మొనాకో, మాంతోన్ దాటి ఇటలీలో ప్రవేశించి, సాన్‌రేమో, జెనోవాల మీదుగా చింక్వే తెర్రే అనే అయిదు పల్లెలు చూపించి 8 రోజుల్లో తిరిగి రావాలని అనుకుంటున్నాను. నాకు జర్మనీ లైసెన్సు ఉంది. అయితే నీస్‌లో తీసుకున్న కారును జెనోవాలో అప్పగిస్తే, దేశం మారినందుకు విడిగా వేసే రుసుమే దాదాపు అద్దెకు సమానంగా ఉంది. ఆ డబ్బు పెట్టి కారు తీసుకోవాలా, రైలులో వెళ్లాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఆ దారిలో వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పండి.

స్టీరింగ్:
సందేహం లేకుండా కారే తీసుకోండి. నీస్ నుంచి మాంతోన్ వైపు కొండవాలు మీద ఒకదానిపైన ఒకటిగా మూడు కోర్నిష్ దారులున్నాయి. కింది దారి సముద్రం పక్కనే ఊళ్ల మధ్య నుంచి పోతుంది కనుక రద్దీగా ఉంటుంది. మధ్య దారిలో కొండకొమ్మున ఎజ్ పల్లె వస్తుంది. నెపోలియన్ వేయించిన పై దారిలో లా తుర్బీ వస్తుంది. ఆల్ప్స్ తెగల మీద రోమన్ చక్రవర్తి అగస్టస్ సాధించిన విజయానికి గుర్తుగా క్రీ.పూ. 6లో నిలిపిన కట్టడం చాలావరకు కూలినా అక్కడ ఇప్పటికీ కనిపిస్తుంది. పై రెండు దారుల మీది నుంచి కనిపించే దృశ్యం రైలులో వెళ్లేవారికి దక్కదు. మరొక మాట. అక్కడ బండి కుడివైపున నడుపుతారు, ఫ్రాన్స్ నుంచి ఇటలీ వైపు వెళ్లేటప్పుడు సముద్రం కూడా కుడివైపే ఉంటుంది. ముందు సీటులో మీ పక్కన కూర్చున్నవారికి, సముద్రానికి మధ్య ఎదురు వచ్చే బండ్లు అడ్డు రావు.

రైలుబండి:
స్టీరింగ్ గారు వర్ణించిన భాగం 30 కిలోమీటర్లు మాత్రమే. సరిహద్దు దాటిన తరువాత జెనోవా దాకా ఏ10 మోటారు మార్గంలో సొరంగం, వంతెన, మళ్లీ సొరంగం, ఇదే వరస. ఇక ఇటలీలో పాతబస్తీలకు జెడ్‌టీఎల్ అనే నియంత్రణ ఉంటుంది, అంటే అనుమతి లేని బండ్లు కొన్ని వీధుల్లోకి పోకూడదు. ఆపడానికి మనిషి ఉండడు, కెమెరా ఫొటో తీస్తుంది. మేము హోటలు వెతుక్కుంటూ ఒకే వీధిలో రెండుసార్లు తిరిగాము. నాలుగు నెలల తరువాత రెండు జరిమానాలు ఇంటికి వచ్చాయి. మా చిరునామా పోలీసులకు ఇచ్చినందుకు అద్దె సంస్థ రెండుసార్లూ విడిగా రుసుము కోసుకుంది. నీస్ నుంచి సరిహద్దు దాటగానే వచ్చే వెంటిమిల్యాకు రైలులో గంట కూడా పట్టదు, ఆ దారిలో చాలా దూరం సముద్రం పట్టాల పక్కనే ఉంటుంది.

స్టీరింగ్:
సొరంగాల సంగతి చెప్పినవారు రైలు సొరంగాలను ఎందుకు వదిలేశారు? 2016 డిసెంబరులో సాన్ లొరెంజో నుంచి అండోరా దాకా రైలు మార్గాన్ని తీరం మీది నుంచి తీసి కొండల లోపలికి మార్చారు. (ఇది ఇటలీలో ఈ తీరం ఉన్న లిగూరియా ప్రాంతంలోని అండోరా, పిరెనీస్ కొండల్లోని చిన్న దేశం కాదు.) అంతకు ముందే సాన్‌రేమో వైపు పట్టాలు కూడా లోపలికి పోయాయి, ఇప్పుడు అక్కడి పాత పట్టాల దారి మీద 24 కిలోమీటర్ల సైకిలు బాట ఉంది. మోటారు మార్గం వద్దనుకుంటే రోమన్ల కాలం నాటి దారి పేరు పెట్టిన వియా ఆరేలియా ఉంది, ఊరూరా ఆగుతూ తీరం వెంటే వెళ్లవచ్చు. రైలుకు అలాంటి రెండో దారి లేదు.

కృష్ణలంక:
మొనాకో రాకుమారి గ్రేస్ 1982లో కారు ప్రమాదంలో మరణించింది ఆ కోర్నిష్ మీదే కదా. పెద్దవాళ్లతో అక్కడికి వెళ్లడం నాకు సరి అనిపించడం లేదు.

స్టీరింగ్:
ఆ ప్రమాదం కోర్నిష్ మీద జరగలేదు. లా తుర్బీ నుంచి మొనాకోకు దిగే డి37 దారి మలుపు దగ్గర జరిగింది. బండి నడుపుతుండగా ఆమెకు మెదడులో రక్తస్రావమైందని వైద్యులు చెప్పారు. దారిని నిందించే ముందు ఏ దారో తెలుసుకోవడం మంచిది.

కృష్ణలంక:
ఆ దారి కూడా ఆ కొండ మీదిదే కదా. 2018 ఆగస్టులో జెనోవాలో వంతెన కూలి 43 మంది చనిపోయిన మార్గం కూడా పైన చెప్పిన ఏ10 కదా.

స్టీరింగ్:
దాని స్థానంలో రెంజో పియానో రూపకల్పన చేసిన కొత్త వంతెన 2020 ఆగస్టు నుంచి నడుస్తోంది. ప్రతి దారికీ ఒక మరణం తెచ్చి చూపిస్తే ఎవరూ ఇల్లు కదలలేరు.

పాదచారి:
సూర్యలంక గారూ, శాకాహారం గురించి ఎవరూ చెప్పలేదు. నీస్‌లో సొక్కా అనీ, సరిహద్దు దాటాక ఫరినాతా అనీ అడగండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చే అట్టు అది. అంచులు కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటుంది. మా అమ్మ దాని మీద మిరియాల పొడి చల్లుకుని రెండు పూటలు అదే తిన్నది.

రైలుబండి:
స్టీరింగ్ గారూ, మీరు ప్రతి జవాబులోనూ దారి గురించే రాస్తున్నారు. వెనక సీటులో ఎవరు కూర్చుంటారు, వారికి ఎలా ఉంటుంది అన్నది ఒక్కసారి కూడా రాయలేదు. బండి నడపాలన్న కోరిక కొడుకులది, దానికి పెట్టుకునే పేరు తల్లిదండ్రులది. ఇది నేను మా ఇంట్లో చూసిన సంగతి కనుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

స్టీరింగ్:
ఈ మాట నాకు నిజంగా బాధ కలిగించింది. మా అమ్మను మొదటిసారి రైలులోనే తీసుకెళ్లాను. ఒక స్టేషనులో లిఫ్టు పనిచేయలేదు. రెండు పెట్టెలు పైకి చేర్చి నేను తిరిగి వచ్చేసరికి, సగం మెట్ల మీద గోడకు ఆనుకుని కూర్చుని, నన్ను ఇంటి దగ్గరే వదిలేసి రావలసింది నాన్నా అన్నది. అందుకే మరుసటి ఏడాది కారు తీసుకున్నాను. మాంతోన్ దాటేటప్పుడు ఒక తోటలో నిమ్మచెట్లు చూసి ఆపమన్నది. గోడ బయటికి వాలిన కొమ్మ నుంచి ఒక ఆకు తుంపి, నలిపి, వాసన చూస్తూ పది నిమిషాలు నిలబడింది. ఆ పది నిమిషాల కోసం నేను ఎంత రుసుమైనా కడతాను. నాకు బండి నడపాలన్న కోరిక ఉన్నమాట నిజమే, కానీ ఆ రోజు ఆపమన్నది మా అమ్మ.

రైలుబండి:
మీ అమ్మగారి గురించి తెలియక అన్నాను, మన్నించండి. మా సంగతి కూడా చెబుతాను. మధ్య కోర్నిష్ మీద మావారు బండి నడుపుతుంటే మా మామగారు తలుపు మీది పిడి పట్టుకుని కూర్చున్నారు. ఎలా ఉంది నాన్నా అని అడిగితే బాగుంది అన్నారు. ఎజ్ దగ్గర దిగినప్పుడు ఆయన వేళ్ల మీద పిడి అచ్చు ఎర్రగా పడి ఉంది. గుంటూరు తిరిగి వెళ్లాక మా అత్తగారితో అన్నారట, కొడుకు అంత సంతోషంగా నడుపుతుంటే భయమేస్తోందని ఎలా చెప్పను అని. మీ అమ్మగారు ఆపమనగలిగారు. మా మామగారు అనలేకపోయారు. రైలులో ఆయన ఎవరినీ అడగకుండా లేచి, కిటికీ మార్చుకుని కూర్చునేవారు.

స్టీరింగ్:
మీరు మొదటి జవాబులోనే ఈ సంగతి రాసి ఉంటే నేను సొరంగాల లెక్క తీసేవాణ్ని కాదు. ఆపమని చెప్పే అలవాటు లేనివారికి నా సలహా పనికిరాదని ఒప్పుకుంటున్నాను.

సరిహద్దు:
ఏ బండిలో వెళ్లినా పాస్‌పోర్టులు దగ్గర ఉంచుకోండి. రెండూ సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న షెంగెన్ ఒప్పందపు దేశాలే అయినా ఫ్రాన్స్ ఈ సరిహద్దులో 2015 నవంబరు నుంచి తనిఖీలు పెట్టింది. తిరుగు ప్రయాణంలో మాంతోన్ గరవాన్ స్టేషనులో పోలీసులు రైలెక్కుతారు.

సూర్యలంక:
నిన్న రాత్రి ఫోనులో అమ్మానాన్నలనే అడిగాను. ఇంతవరకూ అడగలేదని ఈ చర్చ చదివాకే గుర్తుకొచ్చింది. నీ ఇష్టం అని నాన్నగారు రెండుసార్లు అన్నారు. మూడోసారి అడిగితే, రోజూ పొద్దున్నే సముద్రం ఒడ్డున ఒక గంట కూర్చునే వీలుంటే చాలు, రోజుకో ఊరు మారవద్దు అన్నారు. అమ్మ మాత్రం ఆ కొండ మీది ఊరు, అంటే ఎజ్, చూడాలన్నది. కనుక మాంతోన్‌లో 4 రాత్రులు, చింక్వే తెర్రేకు ఆనుకుని ఉన్న లెవాంటోలో 3 రాత్రులు ఉంటాము. మాంతోన్‌లో ఉన్నప్పుడు ఒక్కరోజు నీస్‌లో కారు తీసుకుని అక్కడే అప్పగిస్తాను, అప్పుడు దేశం మారిన రుసుము ఉండదు. మిగతాదంతా రైలు. ఇందులో లోపాలుంటే చెప్పండి.

స్టీరింగ్:
మాంతోన్ నుంచి లెవాంటోకు పెట్టెలతో వెంటిమిల్యాలోనూ జెనోవాలోనూ బండి మారాలి, అది అమ్మగారికి కష్టమే. పెద్ద పెట్టె ఒక్కటి కూడా తీసుకెళ్లకండి. కారు తీసుకున్న రోజు నీస్ నుంచి మధ్య దారిలోనే వెళ్లండి, పై దారిలో మలుపులు ఎక్కువ. ముందు సీటు నాన్నగారికి ఇవ్వాలా, వెనక కూర్చోవడమే ఆయనకు ఇష్టమా అన్నది కూడా అడగండి.

రైలుబండి:
లెవాంటో మంచి ఎంపిక. చింక్వే తెర్రే పల్లెలన్నిటికీ అక్కడి నుంచి రైలు ఉంది, ఎలాగూ ఆ పల్లెల్లోకి బయటి కార్లను పోనివ్వరు. అయిదింటిలో కోర్నీల్యా ఒక్కటే కొండమీద ఉంది, స్టేషను నుంచి ఊళ్లోకి 370కి పైగా మెట్లు. స్టేషను బయట చిన్న బస్సు దొరుకుతుంది, అమ్మగారిని అందులో ఎక్కించండి.