జానపదాలకి గిటార్ క్లీన్ సౌండ్ మెత్తగా రావట్లేదు, ఏం మార్చాలి?

కొత్తతీగ:
అన్నలూ అక్కలూ, మా వదిన బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు బాగా పాడుతుంది. పోయిన దసరాకి ఇంట్లో పాడుతుంటే పక్కన గిటార్ పట్టుకుని కూర్చున్నాను. అప్పటినుంచి చుట్టాలిళ్లలో ఏ పండగైనా మా ఇద్దరికీ పిలుపు వస్తోంది. నా దగ్గర ఉన్నవి స్క్వయర్ స్ట్రాట్ ఎలక్ట్రిక్ గిటార్, బాస్ (Boss) కంపెనీ కటానా 50 ఆంప్. తీగలు సన్నవి, 9 సైజు.

గదిలో ఒక్కణ్నే వాయించుకుంటే హాయిగా ఉంటుంది. వదిన పాట ఎత్తుకుని, నలుగురు చప్పట్లు మొదలుపెట్టారంటే చాలు, స్టీలు పళ్లెం మీద గరిటె గీసినట్టు వినిపిస్తుంది. తగ్గిస్తే అసలే వినపడదు. ఆంప్ క్లీన్‌లోనే (సౌండ్ బరకగా చీలకుండా ఉండే సెట్టింగ్) ఉంది. నాబ్‌లు గడియారం ముల్లు లెక్కన చెప్తున్నా: గెయిన్ (ఆంప్‌లోకి వెళ్లే సౌండ్ బలం) సగం, బేస్ 3 గంటల దగ్గర, మిడిల్ 9, ట్రెబుల్ 1. కోరస్ (రెండు గిటార్లు కలిసి మోగినట్టు చేసే ఎఫెక్ట్), రివర్బ్ (హాల్లో మోగినట్టు చేసేది) రెండూ ఆన్. గిటార్ స్విచ్ మెడ పికప్, మధ్య పికప్ (పికప్ అంటే తీగల కదలికని పట్టి ఆంప్‌కి పంపే అయస్కాంతపు ముక్క) కలిసే చోట. ఫ్రెండ్ కంప్రెసర్ పెడల్ (సౌండ్ హెచ్చుతగ్గుల్ని సమానం చేసే డబ్బా) కొనమంటున్నాడు. కొనాలా?

పాతక్యాపో:
కొనకు తమ్ముడూ. ఆ డబ్బుతో వదినకి చీర కొనిపెట్టు.

నేను పదిహేనేళ్లుగా జానపద బృందాల వెనక వాయిస్తున్నాను. మొదట్లో నాదీ ఇదే సెట్టింగు. ఒకసారి జనగామ దగ్గర ఒక ఊళ్లో, పాటకీ పాటకీ మధ్య పాడే ఆమె మైకు పక్కకి జరిపి అంది: "తమ్మీ, నీ గిటారు నా నోట్ల మాట గుంజుకుంటున్నది." అప్పుడు కోపమొచ్చింది. ఇంటికెళ్లి ఫోన్‌లో రికార్డింగ్ వింటే ఒక్క చరణం అర్థమైతే ఒట్టు. గొంతులో మాట స్పష్టంగా తెలియాలంటే సుమారు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్‌ల మధ్య, అంటే పై స్థాయి శబ్దాల చోట, ఖాళీ ఉండాలి. స్ట్రాట్ గణగణలాడేది కూడా అక్కడే. కింద బేస్‌లో డప్పో ఢోలకో ఉంటుంది. నీకు మిగిలింది మధ్య భాగం. దాన్నే నువ్వు 9కి దించేశావు!

ముందు కోరస్ ఆపెయ్. గెయిన్ 9కి తగ్గించి, వాల్యూమ్‌తో సౌండ్ తెచ్చుకో. బేస్ 11, మిడిల్ 2, ట్రెబుల్ 10. స్విచ్ ఒక్క మెడ పికప్ మీదికి. గిటార్ మీద టోన్ నాబ్ మాత్రం దాని మీద రాసిన 6 అంకె దగ్గర. లావు తీగలు బొంగురుగా మోగితే ఆ వైపు పికప్ స్క్రూ అర చుట్టు తిప్పి కొంచెం కిందికి దించు. ఆంప్ నేల మీద ఉంటే నీ మోకాళ్లకే వినిపిస్తుంది, కుర్చీ ఎక్కించు. ఇవన్నీ వదిన పాడుతుండగానే సరిచేసుకో. ఒక్కడివే ఉన్నప్పుడు విని చూస్తే చెత్తగా అనిపిస్తుంది, భయపడకు.

శ్రుతిపెట్టె:
వదినది ఏ శ్రుతి? క్యాపో (తీగలన్నిటినీ ఒకచోట నొక్కిపెట్టే క్లిప్పు) ఎక్కడ పెడుతున్నావు?

కొత్తతీగ:
ఐదున్నర. నాలుగో ఫ్రెట్‌లో క్యాపో పెట్టి ఇ షేపులు (ఇ కార్డ్‌కి పట్టే వేళ్ల అమరికలు) వాయిస్తున్నాను.

శ్రుతిపెట్టె:
అనుకున్నా. క్యాపో ఒకటో ఫ్రెట్‌కి తెచ్చి జి షేపులు పట్టు. అదే జి షార్ప్, అదే ఐదున్నర. తీగ పొడవు ఎక్కువ మిగులుతుంది కాబట్టి తెరిచిన తీగలు నిండుగా పలుకుతాయి. ఈ పాటల్లో చాలావాటికి జి, సి, డి చాలు. కొన్నిటికి జి ఒక్కటే పట్టుకుని కూర్చున్నా ఎవరూ అడగరు.

లావుతీగ:
పాతక్యాపో గారితో ఒక్కచోట నాకు పేచీ. నాబ్‌లు ఎంత తిప్పినా 9 సైజు తీగలు పల్చగానే ఉంటాయి. 11 సైజు వెయ్యి. స్ట్రాట్ కాబట్టి వెనక స్ప్రింగులు బిగించాల్సి వస్తుంది, లేకపోతే బ్రిడ్జ్ (తీగలు ఆనే ఇనప ముక్క) పైకి లేస్తుంది. ఇంకోటి, పిక్ పక్కన పెట్టి బొటనవేలి కండతో మీటు, గోరు తగలకుండా. మెడ చివర దగ్గర మీటితే ట్రెబుల్ నాబ్ జోలికే వెళ్లక్కర్లేదు.

కొత్తతీగ:
నిన్న మేనకోడలి ఓణీల ఫంక్షన్‌లో ప్రయత్నించాను. తీగలు ఇంకా మార్చలేదు. మిగతావన్నీ చేశాను, బొటనవేలుతో సహా. మామూలుగా వదిన పాడుతూ పాడుతూ చెయ్యి కిందికి ఊపి 'తగ్గించు' అంటుంది. నిన్న నాలుగు పాటలకీ ఊపలేదు. పెద్దమ్మ మాత్రం "గిటార్ తేలేదా ఏంట్రా?" అంది, మిడిల్ ఇంకాస్త పెంచాలేమో.

కానీ కొత్తగా పాట ఆగినప్పుడల్లా ఆంప్‌లో గుంయ్‌మని మోత. ఇదివరకు లేదు.

పాతక్యాపో:
చాలా స్ట్రాట్లలో మధ్య పికప్ తిరగేసి చుట్టి ఉంటుంది. దాన్ని మెడ పికప్‌తో కలిపి పెడితే ఆ మోత ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. ఇప్పుడు ఒక్కటే పెట్టావు కాబట్టి బయటపడింది. ఫ్యాన్ రెగ్యులేటర్‌కి, సీరియల్ లైట్లకి దూరంగా కూర్చో. కుర్చీని కొంచెం కొంచెం పక్కకి తిప్పుతూ చూడు, ఒకచోట మోత బాగా తగ్గుతుంది. అక్కడే ఉండిపో, ఫొటోల వాళ్లు ఇటు తిరగమన్నా తిరగకు.