మూతి బిగించి నవ్వితే లోపల కోపం ఉన్నట్టా?

నిద్రపట్టని_మనిషి:
నేను మీటింగ్‌లో ఏదైనా చెప్తుంటే మా మేనేజర్ పెదాలు రెండూ లోపలికి నొక్కుకుని వింటారు, చివర్లో పళ్ళు కనపడకుండా ఒక చిన్న నవ్వు నవ్వి "సరే, చూద్దాం" అంటారు, అంతే. నిన్న రాత్రి వరసబెట్టి బాడీ లాంగ్వేజ్ వీడియోలు చూశా, ఒకాయన అది దాచుకున్న కోపం అంటాడు, ఇంకొకాయన అబద్ధం అంటాడు, ఇంకొకావిడ మీరంటే గిట్టదు అని తేల్చేసింది. ఇప్పుడు ఆయన మాట్లాడుతుంటే మూతి తప్ప ఇంకేం కనపడట్లేదు, నేను చెప్పాల్సింది మర్చిపోతున్నా. అసలు నవ్వు చూసి మనసు పట్టేయొచ్చా?

పాత_పుస్తకం:
కొంచెం పట్టొచ్చు, వీడియోల్లో చెప్పినంత కాదు. డ్యుషెన్ అని ఫ్రెంచ్ డాక్టర్, మనుషుల ముఖానికి కరెంటు పెట్టి ఏ కండరం ఏం చేస్తుందో చూసి ఫొటోలతో సహా 1862లో పుస్తకం వేశాడు. పెదాల చివర్లు పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది, కంటి చుట్టూ ఉన్నది మాత్రం నిజంగా సంతోషం వస్తేనే కదులుతుంది అన్నాడు. బుగ్గలు లేచి కంటి చివర ముడతలు పడే నవ్వుకి ఇప్పటికీ ఆయన పేరే. 1978లో ఎక్మన్, ఫ్రీసెన్ అని ఇద్దరు సైకాలజిస్టులు ముఖంలో కదలికలకి నంబర్లు కూడా ఇచ్చారు, పెదాల చివర లేస్తే 12, బుగ్గ లేస్తే 6. కానీ తర్వాత చూస్తే ఆ ముడతలు కూడా తెప్పించుకోగలిగే వాళ్ళు బోలెడు మంది ఉన్నారు, పైగా నోరు బాగా సాగదీసి నవ్వితే బుగ్గలు ఎలాగూ లేస్తాయి. నేనైతే ముడతల కన్నా వేగం చూస్తా. మనసులోంచి వచ్చే నవ్వు మెల్లగా విచ్చుకుని మెల్లగా తగ్గుతుంది, మొహమాటపు నవ్వు చాలాసార్లు స్విచ్ వేసినట్టు వచ్చి ఆపినట్టు పోతుంది. ఇది కూడా రూల్ కాదు లెండి.

సగం_నవ్వు:
ఒక పక్క పెదవి మాత్రమే లేస్తే చులకన అని ఆ వీడియోల్లోనే చెప్తారు, దాని వల్ల నేను పడ్డ బాధ నాకే తెలుసు. నాకు బెల్స్ పాల్సీ వచ్చి ముఖం ఒక పక్క కదలడం మానేసింది, కొన్ని నెలలు సగం నవ్వే నవ్వాను, విషయం తెలియని వాళ్ళు "ఏంటి వెటకారమా" అన్నారు, అందులో ఒకరైతే మాట్లాడటం మానేశారు. అన్నట్టు ఎవరికైనా ఉన్నట్టుండి మూతి ఒక పక్కకి జారితే నవ్వు సంగతి తర్వాత, అది స్ట్రోక్ కావచ్చు, ముందు హాస్పిటల్‌కి పరిగెత్తండి.

క్లిప్పులోడు:
పళ్ళకి క్లిప్పులు ఉన్నన్నాళ్ళు నేనూ నోరు మూసుకునే నవ్వేవాణ్ణి, తీసేశాక కూడా అలవాటు పోలేదు బ్రో 😄 ఎవరి మీదా కోపం లేదు. ఇక అబద్ధం అంటారా, మనిషిని చూసి అబద్ధం కనిపెట్టడంలో మన సత్తా ఎంతో 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు సైకాలజిస్టులు చాలా అధ్యయనాలు కలిపి లెక్క తీస్తే సగటున 54 శాతం వచ్చింది. నాణెం ఎగరేసినా 50 వస్తుంది కదా.

పాత_పుస్తకం:
@నిద్రపట్టని_మనిషి ఒక పని చేయండి, మీతో లేనప్పుడు ఆయన మూతి ఎలా ఉంటుందో చూడండి. మామూలుగా ఎలా ఉంటారో తెలియకుండా తేడా ఎలా తెలుస్తుంది?

నిద్రపట్టని_మనిషి:
రెండు రోజులు చూశా అండి. ఒక్కరే కూర్చుని మెయిల్ చదువుతున్నా అదే మూతి, లిఫ్ట్ కోసం నిలబడ్డా అదే మూతి. ఈరోజు మాత్రం నేను చెప్తుంటే పెదాలు వదిలేసి "ఆగు, ఆగు, అదేంటి మళ్ళీ చెప్పు" అన్నారు, నేను ఆ మూతినే చూస్తూ ఏం చెప్తున్నానో మర్చిపోయా 🤦