వంద మందికి ఏమీ కాకపోతే "సెన్సిటైజర్ (అలర్జీ పుట్టించే పదార్థం) కాదు" అని రాయవచ్చా?

రఘు: క్రీములు పాడవకుండా కలిపే ఒక కొత్త ప్రిజర్వేటివ్‌కు పెప్టైడ్ (ప్రొటీన్ ముక్క) పరీక్షలోనూ, కెరాటినోసైట్ (చర్మపు పైపొర) కణాల పరీక్షలోనూ నెగటివ్ వచ్చింది. వంద మందికి మూడు వారాల పాటు పదేపదే ప్యాచ్‌లు వేసి, విరామమిచ్చి మళ్ళీ వేసినా ఎవరికీ దద్దుర్లు రాలేదు. ఇక నివేదికలో "సెన్సిటైజర్ కాదు" అని రాయడానికి అభ్యంతరమేమిటి?

శారద: వందలో ఒక్కరికీ రాలేదంటే, అసలు రేటు మూడు శాతం దాకా ఉండే అవకాశాన్ని గణాంకాలు తోసిపుచ్చవు. పైగా పెప్టైడ్ పరీక్షలో చర్మపు ఎంజైములు ఉండవు కనుక, ఒంట్లోకి వెళ్ళాక మారి అలర్జెన్ అయ్యేవి అందులో దొరకకపోవచ్చు. పరిమళాల్లో వాడే లినలూల్‌నే చూడండి, దానికి గాలి తగిలి ఏర్పడే హైడ్రోపెరాక్సైడ్లనే పదార్థాలే అసలు దోషులు. అప్పుడే మూత తీసిన సీసాను పరీక్షిస్తే ఏం తెలుస్తుంది?

రఘు: వంద చాలకపోతే ఎంత మంది కావాలో మీరే చెప్పండి. రెండు పరీక్షలు ఏకీభవిస్తే చాలని ఓఈసీడీ (పరీక్షా పద్ధతులకు మార్గదర్శకాలిచ్చే అంతర్జాతీయ సంస్థ) 2021 నాటి 497వ మార్గదర్శకంలోనే ఉంది.

వేణు: గాఢత ఎంతో చెప్పకుండా ఎంత వాదించినా దండగే.

కమల: నేను సెలూన్‌లో జుట్టుకు బ్లీచ్ వేసేదాన్ని. పొడి కలిపేటప్పుడు లేచే ధూళికి ఛాతీ పట్టేసి పిల్లికూతలు వచ్చేవి. ఆ పొడిలోని పెర్సల్ఫేట్లతో ఆస్తమా వస్తుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు, అయినా ప్యాచ్ టెస్ట్‌లో ఏమీ తేలలేదని మా యజమాని నా మాట కొట్టిపారేశారు.

రఘు: మీ బాధ నిజమే కానీ, ఇక్కడ చర్చ చర్మం గురించి.

కమల: శ్వాసకు ధ్రువీకరించిన పరీక్షే లేనప్పుడు, మీ "కాదు" ఎవరి ఊపిరితిత్తులకు వర్తిస్తుంది?

రఘు: మీ లెక్కన ఏ పదార్థమూ బజారుకు రాకూడదు! ప్రిజర్వేటివ్ లేని క్రీములో పెరిగే బ్యాక్టీరియాకు మీరు పూచీపడతారా?

శారద: వేణు గారు గాఢత అన్నారు కనుక చెబుతున్నాను. మిథైల్ ఐసోథయజోలినోన్ అనే ప్రిజర్వేటివ్‌ను యూరప్‌లో 2005లో 100 పీపీఎం (పది లక్షల్లో వంద భాగాలు) దాకా అనుమతించారు. క్లినిక్కులు అలర్జీ కేసులతో నిండాక, కడిగేయని ఉత్పత్తుల్లో 2017లో నిషేధించి, కడిగేసేవాటిలో 2018లో 15 పీపీఎంకు దించారు. కాగితం మీద లెక్క సరిపోయింది, దాని పర్యవసానం మాత్రం వాడినవాళ్ళు అనుభవించారు. మన తగవు పరీక్షల సంఖ్య మీద కాదు రఘు గారూ, తేలని భాగాన్ని ఎవరు మోయాలన్న దాని మీద.

రఘు: మోయమంటే మోస్తాను, కానీ "తేలలేదు" అని రాస్తే కొనేవాడు చదవడం అక్కడే ఆపేస్తాడు.

వేణు: "ఈ గాఢతలో చర్మ సెన్సిటైజేషన్ కనబడలేదు, శ్వాస విషయం అంచనా వేయలేదు" అని రాయండి. ఇంతకూ అది పొడిగా వస్తుందా?

రఘు: పొడిగానే, కానీ ఫ్యాక్టరీలకు మాత్రమే.

కమల: అక్కడ సంచీ విప్పేదీ మనిషే కదండీ.