క్లియరెన్స్ ఫారంలో తీరిపోయిన కార్డు అప్పు, బావగారి ట్రాక్టర్ జామీను: రెండూ రాయాలా?

పల్నాడు_కుర్రాడు:
అందరికీ నమస్తే. వర్జీనియాలో చాంటిలీ దగ్గర ఉంటాను, 2021లో సిటిజన్‌షిప్ వచ్చింది. ఒక డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర ఉద్యోగం కుదిరింది, సీక్రెట్ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వ అనుమతి, కావాలన్నారు. ఎస్‌ఎఫ్-86 అనే దాని ఫారంలో, అప్పుల సంగతి అడిగే సెక్షన్ 26 దగ్గర మూడు రాత్రులుగా ఆగిపోయాను.

2023లో ఉద్యోగం పోయి ఏడు నెలలు ఖాళీగా ఉన్నా. పాప పుట్టింది కూడా అప్పుడే. ఇంటద్దె కట్టుకుంటూ కార్డు గాలికొదిలేశా. 11,400 డాలర్లు ఛార్జాఫ్ అయింది, అంటే బ్యాంకు దాన్ని రాని బాకీ కింద రాసేసుకుంది. తర్వాత 6,800కి సెటిల్ చేసుకుని, నెలనెలా కట్టి మొత్తం తీర్చేశా. తీరిపోయిందాన్ని మళ్ళీ తవ్వాలా?

ఇంకొకటి. 2019లో ఊరెళ్ళినప్పుడు మా బావగారి ట్రాక్టర్ లోనుకి జామీను సంతకం పెట్టాను. మిరప రేటు పడిపోయాక ఆయన కిస్తీలు ఆపేశారు. బ్యాంకు నోటీసు నాకొచ్చింది. అక్క ఫోన్ చేసి ఏడుస్తుంది, బావగారేమో ఫోనే ఎత్తరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

డల్లాస్_మామ:
కార్డుది రాసెయ్. ఇండియా లోను ఇక్కడి క్రెడిట్ రిపోర్టులో రాదు, ఎవరికి తెలుస్తుంది? వదిలెయ్ తమ్ముడూ.

బాల్టిమోర్_వదిన:
ఆయన మాట వినొద్దు తమ్ముడూ. ఆ సెక్షన్లో నువ్వు జామీను ఉన్న అప్పులు కూడా చెప్పమని రాసి ఉంటుంది, ఒకసారి చదువు. గత ఏడేళ్ళలో 120 రోజులు దాటి బాకీ పడ్డవి, ఇప్పుడు తీరిపోయినా సరే, రాయాల్సిందే. తెలిసి దాచడం ఫెడరల్ నేరం.

మావారిది ఇలాంటిదే, మెడికల్ బిల్లులు. ఇంటర్వ్యూలో అప్పు ఎంతని కాదు, ఎందుకైంది, అయ్యాక ఏం చేశావని గుచ్చి గుచ్చి అడిగారు. గైడ్‌లైన్ ఎఫ్ అని క్లియరెన్స్ ఇచ్చేటప్పుడు డబ్బు వ్యవహారాలు తూచే రూలు ఉంది, అది అడిగేది అదే. అప్పుల్లో మునిగినవాడు డబ్బు కోసం ఎంతకైనా తెగిస్తాడేమోనని వాళ్ళ భయం. ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు లాంటి చేతిలో లేని కారణాలుండి, ఆ తర్వాత బాధ్యతగా నడుచుకుంటే అది నీకు అనుకూలమే. లేఆఫ్ లెటరు, సెటిల్‌మెంట్ లెటరు, కట్టిన రసీదులు ఒక ఫైల్లో పెట్టుకో.

అన్నట్టు, టాక్సులు ఏ ఏడాదివైనా ఫైల్ చేయకుండా వదిలేశావా? కార్డు బాకీ కన్నా నాకు దాని భయమే ఎక్కువ. అమ్మానాన్నలకి డబ్బు పంపుతుంటే, వాళ్ళు అమెరికా పౌరులు కాదు కాబట్టి అది ఫారంలో విదేశీ వ్యవహారాలు అడిగే సెక్షన్ 20ఏలో వస్తుంది.

రిటైర్డ్_ఉద్యోగి:
వదినగారు చెప్పింది నిజం. జామీను విషయంలో బ్యాంకుకి ఇప్పుడే ఉత్తరం రాయండి, కొంతైనా కట్టడం మొదలుపెట్టండి. ఫారం పంపాక కట్టినదానికంటే ముందే కట్టినదానికి విలువ ఎక్కువ. క్లియరెన్స్ వచ్చాక కూడా కంటిన్యువస్ వెట్టింగ్ అని క్రెడిట్ చూస్తూనే ఉంటారు. మళ్ళీ బాకీ పడితే దాచలేరు.

పల్నాడు_కుర్రాడు:
టాక్సులన్నీ కట్టేశాను, దేవుడి దయ. మూడు క్రెడిట్ బ్యూరోల రిపోర్టులూ ఉచితంగానే తెప్పించుకున్నా. నాకే తెలియని 240 డాలర్ల ల్యాబ్ బిల్లు కలెక్షన్లో, అంటే వసూలు ఏజెన్సీ చేతిలో, ఉన్నట్టు కనపడింది. అదీ కట్టేసి రసీదు దాచా.

రాత్రి బావగారు ఫోనెత్తారు. మీ ట్రాక్టర్ సంగతి అమెరికా ప్రభుత్వానికి రాస్తున్నా బావా అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత, “బండి నంబరు కూడా అడుగుతారా?” అన్నారు. పొద్దున లేచేసరికి లోను స్టేట్‌మెంట్ వాట్సాప్‌లో ఉంది.