‘హా-హా’ని తెలుగులో ఏమందాం?

ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్‌లోని స్టోవ్ గురించి మా తెలుగు సంఘం సంచికకి వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. స్టోవ్ పాతకాలపు ప్రభువుల భవనం. 1923 నుంచి అందులో బడి నడుస్తోంది. చుట్టూ ఉన్న తోటల్ని నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది.

మొన్న అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్లాను. పచ్చిక మీద నడుస్తుంటే ఎదురుగా గొర్రెలు మేస్తున్నాయి. “ఇంత తోట పెట్టుకుని దడి కూడా కట్టుకోలేదేంటే? లోపలికొచ్చి మొక్కలన్నీ కొరికెయ్యవూ?” అంది అమ్మ. ఇంకో పది అడుగులు వేశామో లేదో, కాళ్ల ముందు నేల తెగిపోయింది. మావైపు గోడ నిలువునా కిందికి దిగి ఉంది. అవతలివైపు గడ్డి ఏటవాలుగా పైకెక్కి పొలంలో కలిసిపోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని “అమ్మో!” అంది.

దాని పేరే హా-హా. నడుస్తూ నడుస్తూ ఉలిక్కిపడి ఆగినవాళ్ల నోట వచ్చిన కేకే పేరైందని 18వ శతాబ్దంలో హోరేస్ వాల్‌పోల్ అనే ఇంగ్లీషు రచయిత రాశాడు. ఇంగ్లండులో దీన్ని మొదలుపెట్టిన ఘనత స్టోవ్ తోటలు వేసిన చార్లెస్ బ్రిడ్జ్‌మన్‌దే అన్నాడు. కానీ 1712లోనే జాన్ జేమ్స్ ఫ్రెంచి నుంచి అనువదించిన తోటల గ్రంథంలో ‘ఆ, ఆ’ అన్న పేరు కనిపిస్తుంది. అంటే ఆ కేక కూడా ఫ్రాన్సు మీదుగా వచ్చిందే.

ఉన్నదున్నట్టు ‘హా-హా’ అని రాస్తే మనవాళ్లకి హాహాకారం గుర్తొస్తుంది, లేదా నవ్వు అనుకుంటారు. పురాణాలు చదివినవారికైతే హాహా, హూహూ అని ఇద్దరు గంధర్వులు. గజేంద్రమోక్షంలో మకరి ఆ హూహూయే కదా! ఉలికిపాటు మాత్రం ఎవరికీ తోచదు. మీరేమంటారు?

పలమనేరు నుంచి ఒకరు: కందకం అంటే చాలదాండీ? మావైపు ఏనుగులు పొలాల్లో పడకుండా తవ్వించేదాన్ని అదే అంటాం.

నేను: కందకం దగ్గర కొచ్చింది సార్, పని ఒకటే కాబట్టి. కాకపోతే కందకంలో గోడ లేదు. ఇక్కడ ముఖ్యమైనది ఆ గోడే. పైగా కందకాన్ని దాచాలని ఎవరూ అనుకోరు. కిటికీలోంచి చూసే దొరకి తన పచ్చిక, పొలం, దూరపు చెట్లు అన్నీ ఒకటే తోటలా కనపడాలని దీన్ని నేలలోకి దించారు. అగడ్త అసలే కుదరదు, నీళ్లు ఉండాలి.

ఒక తెలుగు మాస్టారు: ‘అదృశ్య ప్రాకారం’ అనండమ్మా. గంభీరంగా ఉంటుంది.

నేను: మాస్టారూ, మొదట నేనూ అలాంటిదే రాసి కొట్టేశాను. ఎందుకంటే తర్వాత మేము చుట్టూ తిరిగి పొలంవైపు వెళ్లాం. అక్కణ్ణుంచి చూస్తే అందులో అదృశ్యం ఏమీ లేదు. రాళ్లు పేర్చిన గోడ, సందుల్లో నాచు, దాని మొదట్లో గొర్రెలు తొక్కి బురద చేసిన నేల. కనపడనిది మేడలో ఉన్నవాళ్లకే. గొర్రెలకీ, వాటి కాపరికీ అది ఉత్త గోడ. ఒకవైపు వాళ్ల చూపునే పేరుగా పెట్టడం నాకు మనస్కరించలేదు. అందుకే ‘దిగుడుగోడ’ అనుకుంటున్నాను. ఎటునుంచి చూసినా నేలలోకి దిగిన గోడే కదా.

అనంతపురం నుంచి ఒకరు: దిగుడుబావికి మెట్లుంటాయక్కా. దిగుడుగోడ అంటే మావాళ్లు మెట్ల కోసం వెతుకుతారు.

నేను: నిజమే తమ్ముడూ, ఆ మాట నాకు తట్టలేదు. ‘దిగిన గోడ’ అందామంటే కుంగిపోయిన గోడ అనుకుంటారు. మాట మార్చకుండా, మొదటిసారి వచ్చినచోట ఇలా రాస్తున్నాను: “పచ్చిక అంచున హా-హా అనే దిగుడుగోడ ఉంది. మెట్లు లేవు. తోటవైపు నిలువు గోడ, పొలంవైపు ఏటవాలు గడ్డి.” ఆ తర్వాతంతా దిగుడుగోడే. ఈ ‘ఏటవాలు గడ్డి’కి మీ ఊళ్లో ఒక్క ముక్కలో మాట ఏదైనా ఉంటే చెప్పండి. ఆదివారంలోగా వ్యాసం పంపాలి.